స్కాన్ చేసిన ప్లాన్‌ను ఆటోక్యాడ్‌లో సరైన కొలతకు తేవడం ఎలా?

30 × 60 అడుగుల స్థలంలో కట్టిన ఇంటి పాత ప్లాన్ కాగితం మీ దగ్గరుంది. దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లోకి తెచ్చారు. కాగితం మీద "అంగుళానికి 4 అడుగులు" అని ఉంది కాబట్టి స్కేల్ కమాండ్‌లో 48 ఇచ్చారు. సరిపోలేదు. 49, 50 కూడా ఇచ్చి చూశారు. ఒక గోడ కుదిరితే ఇంకోటి తప్పుతోంది. పైగా, పై అంతస్తు కోసం ఆర్కిటెక్ట్ పంపిన డ్రాయింగ్‌ను అదే ఫైల్లో పెడితే మూలన చుక్కలా కనబడుతోంది. రెండింటినీ కచ్చితంగా ఒకే కొలతకు ఎలా తేవాలన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. అంకెను ఊహించి ఇవ్వకండి. కచ్చితంగా తెలిసిన ఒక పొడవును ఆటోక్యాడ్‌కు చూపించి, అది ఎంత ఉండాలో చెప్పండి. ఎన్ని రెట్లు చేయాలో అదే లెక్కేసుకుంటుంది. స్కేల్ కమాండ్‌లో రెఫరెన్స్ అనే ఆప్షన్ ఉన్నది ఇందుకే. చుక్కలా వచ్చిన డ్రాయింగ్ సంగతి వేరు. అది యూనిట్ల తేడా, ఫైలు యూనిట్లు సరిచేస్తే దారికి వస్తుంది. అయితే మీరు చెప్పిన లక్షణాలు చూస్తుంటే మీ స్కాన్‌లో ఇంకో తిరకాసు కూడా ఉన్నట్టుంది. రెఫరెన్స్ వాడినా అది పోదు. ఎందుకు పోదో, అప్పుడేం చేయాలో కింద రాస్తున్నాను. ఇళ్ల ప్లాన్లు, లేఅవుట్లు గీయడమే నా పని. ఇలాంటి పాత కాగితాలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

ముందు రెఫరెన్స్ పద్ధతి. స్కేల్ కమాండ్ కోసం ఎస్‌సీ అని కొట్టి ఎంటర్ చేయండి. బొమ్మను ఎంచుకుని మళ్లీ ఎంటర్. బేస్ పాయింట్ అడిగితే స్థలం నైరుతి మూల మీద క్లిక్ చేయండి. స్కేల్ ఫ్యాక్టర్ అడిగినప్పుడు అంకె ఇవ్వకుండా ఆర్ కొట్టి ఎంటర్ చేయండి. రెఫరెన్స్ పొడవు అడుగుతుంది. అదే నైరుతి మూలను క్లిక్ చేసి, తర్వాత వాయవ్య మూలను క్లిక్ చేయండి. కొత్త పొడవు ఎంత అంటే 60' అని ఇవ్వండి. అడుగుల గుర్తు మరిచిపోకండి. ఆర్కిటెక్చరల్ యూనిట్లలో గుర్తు లేకుండా 60 అంటే 60 అంగుళాలే.

స్కాన్ కాస్త వంకరగా వచ్చి ఉంటే అలైన్ కమాండ్ ఇంకా సుఖం. ఏఎల్ కొట్టి బొమ్మను ఎంచుకోండి. మొదటి జత: బొమ్మలో నైరుతి మూల, అది వెళ్లాల్సిన చోటు 0,0. రెండో జత: బొమ్మలో వాయవ్య మూల, అది వెళ్లాల్సిన చోటు 0,60'. మూడో జత అడిగితే ఎంటర్ కొట్టేయండి. చివర్లో పాయింట్లను బట్టి బొమ్మను స్కేల్ చేయాలా అని అడుగుతుంది. అక్కడ సిద్ధంగా ఉండే జవాబు "నో". అలవాటులో ఎంటర్ కొడితే బొమ్మ జరుగుతుంది, తిరుగుతుంది, సైజు మాత్రం మారదు. వై కొట్టాలి.

స్కాన్ బొమ్మ కాబట్టి గీతల చివర్లకు కర్సర్ అతుక్కోదు, కంటితో చూసి క్లిక్ చేయాలి. బాగా జూమ్ చేసి, రెండు చివర్లలోనూ గీత మందంలో ఒకే చోట, రెండూ మధ్యలో గానీ రెండూ బయటి అంచున గానీ, క్లిక్ చేయండి. ఇది చాదస్తం కాదు. కాగితం మీద అర మిల్లీమీటరు మందం ఉన్న గీత అంగుళానికి 4 అడుగుల స్కేలులో నేల మీద 24 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అంగుళం. ఒక చివర గీత లోపలి అంచు, ఇంకో చివర బయటి అంచు పట్టుకున్నారంటే అంగుళం అక్కడే పోయింది.

ఏ పొడవును చూపించాలన్నదే అసలు నిర్ణయం. బొమ్మలో కొలత రాసి ఉన్న వాటిలో అన్నిటికంటే పొడవైనదాన్ని తీసుకోండి. చాలామంది గుమ్మం 3 అడుగులే కదా అని దాన్ని చూపించి స్కేల్ చేస్తారు. ఇక్కడే పప్పులో కాలేస్తారు. క్లిక్ చేయడంలో ఒక అంగుళం తేడా వచ్చిందనుకోండి. 36 అంగుళాల గుమ్మంలో అంగుళం అంటే సుమారు 2.8 శాతం. అదే తేడా 60 అడుగుల పొడవు మీదికి వెళ్లేసరికి 20 అంగుళాలవుతుంది. అదే 60 అడుగుల హద్దును చూపిస్తే, అంగుళం తేడా 720లో ఒక వంతు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అది కంటికి కూడా ఆనదు. పెద్ద కొలతతో సరిచేస్తే చిన్న కొలతల్లో తేడా తగ్గిపోతుంది, చిన్న కొలతతో సరిచేస్తే పెద్ద కొలతల్లో పెరిగిపోతుంది. గోడ మందాన్ని అయితే అసలు ముట్టుకోవద్దు. 9 అంగుళాల గోడ, నాలుగున్నర గోడ అని రెండు గీతలు వేసి వదిలేసే ప్లాన్లే ఎక్కువ, వాటిని స్కేలు ప్రకారం గీశారన్న నమ్మకం లేదు.

ఇప్పుడు మీ తిరకాసు. ఒక గోడ కుదిరితే ఇంకోటి తప్పుతోందంటే నా అనుమానం, మీ స్కాన్ నిలువునా అడ్డంగా ఒకే నిష్పత్తిలో లేదు. దీన్ని తేల్చడం తేలిక. స్కేల్ చేయకముందు, బొమ్మ తెచ్చిన సైజులోనే, రాసి ఉన్న కొలతల్లో మూడు పెద్దవాటిని డీఐ కమాండ్‌తో కొలవండి. ఒకటి ఉత్తర దక్షిణాలు, ఒకటి తూర్పు పడమరలు, మూడోది ఏదైనా పెద్ద గది. రాసిన కొలతను కొలిచిన కొలతతో భాగించండి.

ఉదాహరణకు 60 అడుగుల హద్దు, అంటే 720 అంగుళాలు, బొమ్మలో 14.62 వచ్చిందనుకుందాం. నిష్పత్తి 49.25. తూర్పు పడమరలు 30 అడుగులు, అంటే 360 అంగుళాలు, 7.18 వచ్చింది. నిష్పత్తి 50.14. హాలు పొడవు ఉత్తర దక్షిణాలుగా 20 అడుగులు, 240 అంగుళాలు, 4.87 వచ్చింది. నిష్పత్తి 49.28. ఈ మూడు అంకెలూ చూడగానే విషయం తెలిసిపోతుంది. ఉత్తర దక్షిణాల కొలతలు రెండూ 49.25 దగ్గరే ఉన్నాయి, తూర్పు పడమర మాత్రం వేరే. అంటే బొమ్మ ఒక దిక్కుకు నొక్కుకుపోయింది. 49.25తో స్కేల్ చేస్తే 30 అడుగుల వైపు 29 అడుగుల ఐదున్నర అంగుళాలకు వస్తుంది. 50.14 ఇస్తే అటు కుదిరి ఇటు 60 అడుగులు 61 దాటుతుంది. మీరు 48, 49, 50 అని ఎంత తిప్పినా కుదరనిది ఇందుకే. స్కేల్ కమాండ్ రెండు దిక్కులకూ ఒకే అంకె వాడుతుంది.

మూడు నిష్పత్తులూ వెయ్యికి ఒకటి రెండు తేడాలో కలిస్తే సంతోషం, రెఫరెన్స్ చాలు. దిక్కును బట్టి తేడా వస్తే కాగితం గానీ స్కానర్ గానీ కారణం. జిరాక్స్ తీసిన ప్లాన్లలో, మడతలు పడిన కాగితాల్లో, రోలర్ మీదుగా కాగితాన్ని లాగే స్కానర్లలో ఇది మామూలే. ఫోన్‌తో ఫొటో తీసి పేజీని నిటారు చేసే యాప్‌లో పెట్టి ఉంటే, పేజీ అంచులను సమం చేసే పనిలో అది పొడవు వెడల్పుల నిష్పత్తిని మార్చేసి ఉండొచ్చు. నిష్పత్తులు దిక్కుతో సంబంధం లేకుండా మూడు చోట్లా మూడు రకాలుగా ఉంటే, ఆ ప్లాన్ మొదట్నుంచీ స్కేలుకు గీసింది కాదు, లేదా గీశాక కొలతలు దిద్దారు.

దిక్కును బట్టి తేడా ఉన్నప్పుడు ఒక ఉపాయం ఉంది. బొమ్మ మీద గీతలు ట్రేస్ చేసి ఉంటే వాటిని బ్లాకుగా (అన్నీ కలిసిన ఒకే వస్తువుగా) చేసి, ప్రాపర్టీస్‌లో ఎక్స్ స్కేల్ ఒకటి, వై స్కేల్ ఇంకోటి ఇవ్వొచ్చు. పై ఉదాహరణలో ఎక్స్‌కు 50.14, వైకి 49.25. పని జరుగుతుంది. కానీ గుండ్రంగా ఉన్నవి కోడిగుడ్డు ఆకారమవుతాయి, ఏటవాలు గీతల కోణాలు మారతాయి, అక్షరాలు సాగుతాయి. గూగుల్ మ్యాప్ మీద పరిచి చూసుకోవడానికైతే చాలు. కట్టడానికి ఇచ్చే డ్రాయింగ్‌కు నేనైతే ఈ దారి పట్టను.

మీ పాత ప్లాన్‌కు నా సలహా: స్కాన్‌ను దాదాపు కొలతకు తెచ్చి, అడుగున వేరే లేయర్‌లో లేతగా పెట్టుకుని, పైన కొత్తగా గీయండి. గీసేటప్పుడు కింద కనబడే గీతను కాదు, రాసి ఉన్న అంకెను అనుసరించండి. కట్టుబడి డ్రాయింగుల మీద "స్కేలు పెట్టి కొలవవద్దు, రాసిన కొలతలనే పాటించండి" అని నోట్ వేసేది ఊరికే కాదు. కాగితం సాగుతుంది, అంకె సాగదు.

అంకెలు కూడా తమలో తాము కలవాలి. గోడలు, గదులు వరుసగా కూడి బయటి కొలతతో సరిచూడండి. ఇల్లు వెడల్పు 24 అడుగులు అని ఉందనుకోండి. పడమటి గోడ 9 అంగుళాలు, గది 10 అడుగుల 6 అంగుళాలు, మధ్య గోడ నాలుగున్నర, రెండో గది 11 అడుగుల ఏడున్నర అంగుళాలు, తూర్పు గోడ 9. అన్నీ కూడితే 288 అంగుళాలు, సరిగ్గా 24 అడుగులు. ఇలా కూడి చూస్తే మూడు నాలుగు అంగుళాలు ఎక్కడో తగ్గే ప్లాన్లు బోలెడు. ఆ తేడా ఏ గదిలో ఉందో స్కాన్ చెప్పదు, వీలైతే ఇంటికెళ్లి టేపు పెట్టి కొలవాలి. ఇల్లు ఇంకా ఉంది కాబట్టి, పైన అంతస్తు వేస్తున్నారు కాబట్టి, మీ విషయంలో టేపు పట్టడం తప్పనిసరి అనే అంటాను. కొత్త పిల్లర్లు ఎక్కేది పాత పిల్లర్ల మీద, కాగితం మీద కాదు.

ఇక్కడే మన దగ్గర ఎక్కువగా చూసే ఇంకో పొరపాటు చెప్పాలి. 30 అడుగుల 6 అంగుళాలను 30.6 అని రాసే అలవాటు మేస్త్రీల నుంచి ఆఫీసుల దాకా ఉంది. కాగితం మీద చదివేవాడికి అర్థమవుతుంది. డెసిమల్ యూనిట్లలో, ఒక యూనిట్ ఒక అడుగు అనుకుని ఆటోక్యాడ్‌లో 30.6 కొడితే అది 30 అడుగుల 7.2 అంగుళాలు. 30 అడుగుల 10 అంగుళాలను 30.10 అని కొడితే 30 అడుగుల 1.2 అంగుళాలు మాత్రమే, దాదాపు 9 అంగుళాలు మాయం. ఇలా గీసిన ఫైలు ఒకటి ఈమధ్య మా దగ్గరికి వచ్చింది. గదులు కొన్ని కాస్త పెరిగి, కొన్ని బాగా తగ్గి ఉన్నాయి. గీసినాయన ఏ అంకెతో స్కేల్ చేయాలని అడిగారు. ఏ అంకెతోనూ కాదు, ఎందుకంటే ప్రతి గోడ తప్పూ వేరువేరు. స్కేల్ చేస్తే సరయ్యేది డ్రాయింగ్ మొత్తం ఒకే నిష్పత్తిలో తప్పినప్పుడే. మీ పాత ప్లాన్ మీద కూడా 12.10 లాంటి అంకెలు ఉంటే అవి అడుగులు, అంగుళాలా లేక దశాంశాలా అన్నది ముందు తేల్చుకోండి. ఎక్కడైనా చుక్క తర్వాత 11 కనిపించి, పక్కన 9, 6, 3 కూడా ఉండి, ఎక్కడా 25, 75 లేకపోతే అవి అంగుళాలే.

ఇక ఆర్కిటెక్ట్ డ్రాయింగ్. మీ ఫైలు అంగుళాల్లో ఉంది, 60 అడుగులంటే 720 యూనిట్లు. ఆయన ఫైలు మీటర్లలో ఉండి ఉంటుంది, అదే 60 అడుగులు అక్కడ 18.288 యూనిట్లు. 720 పక్కన 18 చుక్కలా కాక ఎలా కనబడుతుంది? ఆయన ఫైలు తెరిచి, యూఎన్ కొట్టి, వచ్చే యూనిట్స్ పెట్టెలో ఇన్సర్షన్ స్కేల్ అన్న చోట ఏముందో చూడండి. అక్కడ యూనిట్‌లెస్ అనో, పొరపాటున ఇంచెస్ అనో ఉంటుంది. దాన్ని మీటర్స్ చేసి సేవ్ చేయండి. మీ ఫైల్లో అదే చోట ఇంచెస్ ఉండాలి. ఇప్పుడు ఇన్సర్ట్ చేసినా, ఎక్స్‌రెఫ్‌గా (ఆయన ఫైలుకు లింకుగా) తెచ్చినా ఆటోక్యాడే సరిపడా పెంచి తెస్తుంది. మీరు స్కేల్ కమాండ్ ముట్టక్కర్లేదు, ముట్టకూడదు కూడా. ఆయన రేపు సవరించిన ఫైలు పంపితే, అందులోనూ మీటర్స్ అని ఉందో లేదో చూసి పాతదాని చోట పెట్టండి, ఎక్స్‌రెఫ్ తనంతట తానే సరైన సైజులో మారుతుంది. చేత్తో స్కేల్ చేసి కాపీ పెట్టుకుంటే ప్రతిసారీ మొదటికొస్తుంది.

ఒక్క హెచ్చరిక. యూనిట్స్ పెట్టెలో పేరు మార్చినంత మాత్రాన అప్పటికే గీసి ఉన్న గీతలు మారవు. అది ఫైలుకు వేసే చీటీ మాత్రమే. మీటర్లలో గీసిన ఫైలుకు ఇంచెస్ అని చీటీ వేస్తే 18 మీటర్ల ఇల్లు 18 అంగుళాల ఇల్లవుతుంది. చీటీ వేసేముందు తెలిసిన గోడనొకదాన్ని డీఐతో కొలిచి, వచ్చిన అంకె ఏ యూనిట్‌కు అర్థవంతంగా ఉందో చూడండి. 60 అడుగుల పొడవుకు 18.288 వస్తే మీటర్లు, 18288 వస్తే మిల్లీమీటర్లు, 60 వస్తే అడుగులు, 720 వస్తే అంగుళాలు. గీతలనే మార్చి ఫైలు మొత్తాన్ని వేరే యూనిట్‌లోకి తేవాలంటే డీడబ్ల్యూజీయూనిట్స్ కమాండ్ ఉంది. పేరు ముందు చిన్న అడ్డగీత పెట్టి కొట్టాలి, అడిగిన వాటికి జాగ్రత్తగా జవాబులివ్వాలి.

ఫైలు మొత్తాన్ని చేత్తో స్కేల్ చేయక తప్పని పరిస్థితి వస్తే కొన్ని సంగతులు చూసుకోండి. ఒరిజినల్‌ను పక్కన దాచి కాపీ మీద పనిచేయండి. అన్ని లేయర్లూ ఆన్ చేసి, ఫ్రీజ్ తీసి, లాక్ తీయండి. "ఆల్" అని ఎంచుకున్నా ఫ్రీజ్ చేసిన, లాక్ చేసిన లేయర్లలోని వస్తువులు లెక్కలోకి రావు. ఫర్నిచర్ లేయరో కరెంటు పాయింట్ల లేయరో ఫ్రీజ్ అయి ఉంటే అది పాత సైజులోనే ఉండిపోతుంది. ఎన్నో రోజుల తర్వాత ఎవరో ఫ్రీజ్ తీసినప్పుడు గానీ బయటపడదు, అప్పటికి ఆ ఫైలు మీద బోలెడు పని జరిగిపోయి ఉంటుంది. బేస్ పాయింట్‌గా 0,0 ఇవ్వండి. ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, ప్లంబింగ్ మూడు ఫైళ్లుంటే మూడింటినీ 0,0 నుంచే స్కేల్ చేస్తే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. గోడ మూలో ఏదో క్లిక్ చేస్తే చెదిరిపోతాయి.

నిష్పత్తిని దశాంశాలు కత్తిరించి ఇవ్వొద్దు. అంగుళాల ఫైలును అడుగుల్లోకి తేవాలంటే 0.083 అని కొట్టేవాళ్లున్నారు. 60 అడుగులు 59.76 అవుతుంది, దాదాపు 3 అంగుళాలు పోతుంది. 1/12 అని భిన్నంగానే కొట్టండి, ఆటోక్యాడ్ తీసుకుంటుంది. మీటర్ల నుంచి అంగుళాలకైతే 39.37 అని కొట్టే బదులు ఆర్ కొట్టి, రెఫరెన్స్ పొడవు 0.0254, కొత్త పొడవు 1 ఇవ్వండి. అంగుళం అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, ఆ తర్వాత దశాంశాలేమీ లేవు. కాబట్టి ఈ లెక్కలో తేడా రావడానికి తావే లేదు.

స్కేల్ చేశాక టెక్స్ట్ కూడా పెరుగుతుంది, అది స్కేల్‌టెక్స్ట్‌తో సరవుతుంది. చుక్కల గీతలు నిండు గీతల్లా కనబడితే ఎల్‌టీస్కేల్ (చుక్కల గీతల సైజు సెట్టింగ్) చూడండి. లేఅవుట్‌లో (ప్రింటు కాగితాన్ని సర్దుకునే పేజీలో) వ్యూపోర్టుల (డ్రాయింగ్‌ను చూపించే కిటికీల) స్కేళ్లు మళ్లీ పెట్టాలి. ఇవన్నీ కంటికి కనబడే తేడాలు, కాబట్టి భయం లేదు. భయపడాల్సింది డైమెన్షన్లతో, అంటే బొమ్మ మీద చూపించే కొలతలతో.

డైమెన్షన్ మీద కనబడే అంకె నిజం కాకపోవచ్చు. డైమెన్షన్ల సెట్టింగులుండే డిమ్‌స్టైల్‌లో కొలతను ఒక అంకెతో గుణించి చూపించే సెట్టింగ్ ఉంది, డిమ్‌ఎల్‌ఫ్యాక్ అంటారు. డ్రాయింగ్ సగం సైజులో ఉంటే, దాన్ని సరిచేసే బదులు అక్కడ 2 పెడితే అంకెలన్నీ సరైనవిగా కనబడతాయి, గీతలు మాత్రం సగమే. మరికొందరు అంకెనే చెరిపి చేత్తో రాసేస్తారు. ఒక డ్రాయింగ్‌లో డైమెన్షన్లన్నీ ముచ్చటగా ఉన్నాయి. పిల్లర్ల మధ్య దూరాలు దానిమీద నేరుగా కొలిచి ముగ్గు పోసే మార్కింగ్ తయారుచేయబోతే ఒక్కటీ కలవలేదు. విప్పి చూస్తే డిమ్‌ఎల్‌ఫ్యాక్ వేరే అంకెలో ఉంది, రెండు మూడు చోట్ల అంకెలు చేత్తో మార్చి ఉన్నాయి. ప్రింటులో అది ఎప్పటికీ తెలియదు. బయటి నుంచి వచ్చిన ఏ ఫైలైనా నేను మొదట చేసేది ఇదే: డైమెన్షన్లన్నీ ఎంచుకుని ప్రాపర్టీస్‌లో డిమ్ స్కేల్ లీనియర్ 1 ఉందా, టెక్స్ట్ ఓవర్‌రైడ్ ఖాళీగా ఉందా అని చూడటం. తర్వాత ఒక గోడను డీఐతో కొలిచి డైమెన్షన్‌తో పోల్చడం. మున్సిపల్ అనుమతికి పంపే డ్రాయింగ్‌ను సాఫ్ట్‌వేర్ పరిశీలించే చోట అది గీతలను చదువుతుంది, మీరు రాసిన అంకెను కాదు. సెట్‌బ్యాక్ (హద్దు దగ్గర వదిలే ఖాళీ) 5 అడుగులని రాసి గీత నాలుగున్నర దగ్గర ఉంటే వెనక్కి వస్తుంది.

ప్రింటు సంగతి. కాగితంలో పట్టడం లేదని మోడల్‌లో (అసలు గీసే చోట) డ్రాయింగ్‌ను తగ్గించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. మోడల్‌లో ఇల్లు ఇంటి సైజులోనే ఉండాలి. తగ్గించడం లేఅవుట్‌లో వ్యూపోర్ట్ పని. మీ 30 × 60 స్థలం 1:50లో సుమారు 183 × 366 మిల్లీమీటర్లు, ఏ3 కాగితంలో హాయిగా పడుతుంది. ఏ4లో అయితే 1:100 పెట్టాలి.

కానీ మీ ఫైలు అంగుళాల్లో, కాగితం మిల్లీమీటర్లలో ఉన్నాయి కాబట్టి ఒక మెలిక ఉంది. వ్యూపోర్ట్ జాబితాలో 1:100 ఎంచుకుంటే అది "కాగితం మీద 1 యూనిట్‌కు మోడల్‌లో 100 యూనిట్లు" అన్న అర్థంలో తీసుకుంటుంది. అంటే 1 మిల్లీమీటరుకు 100 అంగుళాలు, నిజానికి 1:2540. ఇల్లు మళ్లీ చుక్కవుతుంది. కస్టమ్ స్కేల్‌లో 0.254 ఇస్తే అసలైన 1:100, 0.508 ఇస్తే 1:50. పెట్టాక వ్యూపోర్ట్ లాక్ చేయండి. ప్లాట్ పెట్టెలో "ఫిట్ టు పేపర్" టిక్ తీసేయండి, పీడీఎఫ్ నుంచి ప్రింట్ తీసేటప్పుడు కూడా "యాక్చువల్ సైజ్" పెట్టండి. నమ్మకం కోసం లేఅవుట్ అంచున 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి ఉంచుతాను. ప్రింటు వచ్చాక స్కేలు పెట్టి కొలిస్తే ప్రింటర్ తగ్గించిందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. మీ పాత ప్లాన్ తీసిన రోజున ఇలాంటి గీత ఒకటి ఉంటే ఇవాళ మీకీ ఇబ్బంది వచ్చేది కాదు.

విస్తీర్ణం విషయంలో పొడవు తేడా రెండింతలవుతుందని గుర్తుంచుకోండి. మీ స్థలం 200 గజాలు. రెండు దిక్కులా ఒక శాతం ఎక్కువ స్కేల్ అయితే విస్తీర్ణం 204 గజాలు చూపిస్తుంది. కొలత సరైందో కాదో చూడటానికి ఇది మంచి పరీక్ష కూడా. హద్దును ఒకే పాలీలైన్‌గా (తెగకుండా కలిసిన గీతగా) గీసి ఏరియా చూడండి, దస్తావేజులోని గజాలతో కలవాలి. అంగుళాల ఫైల్లో చదరపు అంగుళాల్లో వస్తే 1296తో భాగిస్తే గజాలు.

పొలాల ఎఫ్‌ఎంబీలు (సర్వే శాఖ పొలం కొలతల పటాలు) స్కాన్ చేసే పని మీద ఇది చదివే వారికి ఒక మాట. పాతవాటిలో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు 66 అడుగులు, కాబట్టి ఒక లింకు 0.66 అడుగు, 0.201168 మీటరు. లింకులను అడుగులనుకుని గీస్తే పొలం నిజానికంటే ఒకటిన్నర రెట్లు పొడవుగా కనబడుతుంది. గ్రామ పటాలకైతే రెండు పాయింట్ల అలైన్ సరిపోదు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో జియోరెఫరెన్సర్‌తో నాలుగైదు సర్వే రాళ్లు పట్టుకుని సరిచేయడం మేలు. అలాగే డీజీపీఎస్ సర్వే (ఉపగ్రహాల సాయంతో చేసే సర్వే) నుంచి యూటీఎంలో (గుండ్రని భూమిని చదును పటంగా పరిచే పద్ధతిలో) వచ్చిన డ్రాయింగ్ నేల మీద టేపుతో కొంచెం కలవకపోతే దాన్ని స్కేల్ చేసేయకండి. విజయవాడ ప్రాంతంలో యూటీఎం దూరం కిలోమీటరుకు 40 సెంటీమీటర్ల దాకా తక్కువ చూపిస్తుంది, హైదరాబాద్ దగ్గర కొన్ని పదుల సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. అది ప్రొజెక్షన్ స్వభావం, తప్పు కాదు. మీ 60 అడుగుల స్థలంలో అది ఒక సెంటీమీటరు కూడా రాదు.

నేను చెప్పినవన్నీ ఆటోక్యాడ్ పేర్లతోనే రాశాను. బ్రిక్స్‌క్యాడ్, జెడ్‌డబ్ల్యూక్యాడ్‌లలో కూడా స్కేల్, అలైన్, యూనిట్స్ దాదాపు ఇలాగే పనిచేస్తాయి.

ముందుగా ఆ మూడు నిష్పత్తులూ తీయండి. వాటిని, కాగితం జిరాక్సా ఒరిజినలా అన్నదాన్ని, ఆర్కిటెక్ట్ ఫైల్లో తెలిసిన ఒక గోడకు డీఐ ఎంత చూపిస్తోందో ఇక్కడే కింద రాయండి. స్కాన్‌ను సరిచేసి వాడుకోవచ్చో, టేపు పట్టుకుని కొత్తగా గీయాలో ఆ అంకెలు చూసి చెబుతాను.